ఖాళీ అని రాసిన చోట

మగ్గం మీద బిగించిన పడుగు తెగితే టప్‌మని చప్పుడవుతుంది. ఒక్క దారం తెగితేనే నేతమనిషి గుండె ఝల్లుమంటుంది. ఆ శనివారం పొద్దున్న రహీమా మిల్లు గేటు దాటేసరికి ఆ చప్పుడు వరసపెట్టి వినిపిస్తోంది.

టిఫిన్ గిన్నె గేటు దగ్గరే పడేసి పరిగెత్తింది.

ఏడో నంబరు మగ్గం రహీమాదీ, షాయిస్తాదీ. పదిహేడేళ్ళుగా ఇద్దరూ ఒకే పలక మీద పక్కపక్కన కూర్చుని తివాచీ నేస్తున్నారు. ఆ మగ్గం మీద ఎర్ర నేలపై నీలం తీగల తివాచీ నాలుగు నెలలుగా ఎదుగుతోంది. సగం పైకొచ్చింది. ఇప్పుడు దాని ముందు పసుపు టోపీ పెట్టుకున్న మనిషొకడు నిచ్చెన మీద నిలబడి హాక్సా బ్లేడుతో పడుగు కోసేస్తున్నాడు.

"ఆపవయ్యా! ఆపు! ఎవరు నువ్వు?"

ఆ మనిషి ఆపాడు. ముఖం మాత్రం తిప్పలేదు. "నన్నడక్కండమ్మా. ఈ స్తంభం గట్టిగా ఉందో లేదో చూడాలంట. మగ్గం అడ్డమన్నారు. కొయ్యమన్నారు."

"ఊడదియ్యడానికి ఒక పద్ధతుంది. మమ్మల్ని పిలవొచ్చుగా?"

"నిన్న శుక్రవారం కదండీ. ఎవరూ లేరు. పొద్దున్న తొమ్మిదింటికల్లా అయిపోవాలన్నారు."

మిగిలిన దారాలు తివాచీ బరువు మొయ్యలేక వాటంతటవే తెగాయి. నాలుగు నెలల పని కుప్పలా నేల మీద పడింది. షాయిస్తా అప్పుడే వచ్చింది. కూలబడి, చెదిరిపోతున్న ముడుల్ని రెండు చేతులతో అదిమి పట్టుకుంది, రక్తం కారే చోట అదిమినట్టు.

ఏలూరులో తమ్మిలేరు గట్టు మీద ఉన్న ఆ ఇటుకల మిల్లు దొరల కాలం నాటిది. ఊలు కడగడానికి ఏట్లోకి దిగే రాతి మెట్ల రేవు, రంగులు ఉడకబెట్టే తొట్లు, రంపం పళ్ళలాంటి కప్పు, బర్మా టేకు స్తంభాలు, ఆకాశంలోకి పొడుగాటి పొగ గొట్టం. మిల్లు మూతపడి పాతికేళ్ళు. యజమానులు పోయారు, యంత్రాలు ఇనప సామాన్లవాళ్ళు పట్టుకుపోయారు. స్థలం సర్కారుదని తేలింది. మిగిలింది పని వచ్చిన మనుషులు. వాళ్ళే సొసైటీ పెట్టుకుని, పెంకులు ఎగిరిపోతే పరదాలు కప్పుకుని, ఇరవై రెండు మగ్గాలు నడుపుకుంటున్నారు. నేసేవాళ్ళు, ఊలు కడిగేవాళ్ళు, రంగు వేసేవాళ్ళు, కత్తిరించేవాళ్ళు అంతా కలిపి నూట ముప్పై మంది. శుక్రవారం ఒక్కటే సెలవు.

తొమ్మిదింటికి కాంట్రాక్టరు ఈశ్వరప్రసాద్ తెల్ల కారులో దిగాడు. ఉండి ఊరి దగ్గర చేపల చెరువులు, తాడేపల్లిగూడెంలో కల్యాణ మండపాలు ఉన్నాయి ఆయనకి. చేతులు జోడించి మరీ మాట్లాడాడు.

"అయ్యయ్యో, పొరపాటైపోయిందండి అమ్మా. మావాళ్ళు తొందరపడ్డారు. మీరు మనసులో పెట్టుకోకండి. ఎల్లుండి మున్సిపల్ హాల్లో మీటింగుందండి, మీరందరూ తప్పకుండా రావాలి. ఈ బిల్డింగుకి మహర్దశ పట్టబోతోందండి. ఆయ్."

మా గోదావరి జిల్లాల్లో మర్యాదకి లోటుండదు. కూడు లాక్కునేటప్పుడు కూడా అండీ అనే లాక్కుంటారు.

సోమవారం మున్సిపల్ హాలు నిండిపోయింది. ముందు వరస కుర్చీల్లో ఊరి పెద్దలు, వెనక గోడ పొడుగునా మిల్లు మనుషులు. బల్ల మీద థర్మోకోలుతో చేసిన మిల్లు నమూనా. కప్పు స్థానంలో గాజు. ఏటి మీదికి పొడుచుకొచ్చిన గాజు వరండా. దాని మీద అగ్గిపుల్లంత మనుషులు గొడుగుల కింద కూర్చుని ఏదో తాగుతున్నారు. 2007లో ఎక్కడ చూసినా ఇలాంటి బొమ్మలే.

హైదరాబాదు నుంచి వచ్చిన ఆర్కిటెక్టు పేరు గోపీచంద్. ముప్పై అయిదేళ్ళుంటాయి. చెడ్డవాడిలా లేడు. ఆ పాత ఇటుక గురించి మాట్లాడుతుంటే కళ్ళు మెరుస్తున్నాయి.

"దీన్ని కూలగొట్టి అపార్టుమెంట్లు కడదామన్నారు చాలామంది. నేను ఒప్పుకోలేదు. ఒక్క ఇటుక కూడా పోనివ్వను. పాత గోడ పాత గోడలాగే ఉంటుంది, లోపల కొత్త ఉక్కు ఫ్రేము నిలబడుతుంది. పైన గాజు. పొద్దున్న ఎండ నేరుగా నేల మీద పడుతుంది. నలభై గదుల హోటలు, కింద షాపులు, రేవు మీద రివర్ డెక్. దేశం మొత్తం ఏలూరు వచ్చి చూస్తుందండి."

ముందు వరస చప్పట్లు కొట్టింది.

రహీమా ఆ మాటలు వినడం మానేసింది. గోడకి అంటించిన పెద్ద కాగితాల దగ్గరికి నడిచింది. ఆమెకి చదువు రాదు. కానీ నక్ష వచ్చు. తివాచీ నక్ష అంటే గళ్ళ కాగితం, గడికొక ముడి. ఏ గడి ఎక్కడుందో, దాని పక్కనేముందో చూసి వేళ్ళతో ముడులెయ్యడమే ఆమె బతుకు. ఈ కాగితం కూడా అలాంటిదే. అయిదు నిమిషాలు నిలబడి చూసింది.

"ఖుష్బూ, ఇలా రా."

ఆమె కూతురు ఖుష్బూ పాలిటెక్నిక్‌లో సివిల్ రెండో సంవత్సరం చదువుతోంది.

"ఇవి స్తంభాలు కదూ? వరసకి పదకొండు. ఇది మన పెద్ద షెడ్డు. ఇది రంగు తొట్ల వసారా. ఇవి రేవు మెట్లు. మరి మగ్గాలేవే?"

ఖుష్బూ దగ్గరగా వంగి చూసింది. ఆ పిల్ల ముఖం మాడిపోయింది. "ఇది ఇప్పుడు ఎలా ఉందో గీసిన నక్షమ్మా. షెడ్డు మధ్యలో ఇంగ్లీషులో రాసుంది. ఖాళీ. వాడకంలో లేదు."

"అదేంటి?"

"ఖాళీగా ఉందనమ్మా. ఎవరూ లేరని."

రహీమా తిరిగింది. ఆమె గొంతు పెద్దది కాదు. కానీ మైకు అవసరం లేకపోయింది.

"ఏవండీ సార్. మీరు ఏ వారం వచ్చి కొలిచేరండీ?"

గోపీచంద్ మాట మధ్యలో ఆగాడు. "మార్చిలో అనుకుంటానమ్మా."

"నెల అడగలేదండి. వారం."

ఆయన డైరీ తీసి తిరగేశాడు. పాపం, అబద్ధం చెప్పడం రాదు. "శుక్రవారం."

గోడ దగ్గర నిలబడ్డవాళ్ళలో గుసగుస లేచింది.

"మగ్గాలు కనపడలేదాండీ? ఇరవై రెండు మగ్గాలు. ఒక్కోటీ మనిషికంటే ఎత్తు."

"కనిపించాయమ్మా. కానీ మూతపడ్డ మిల్లని చెప్పి ఫైలిచ్చారు. పాత సామాననుకున్నాం."

"సామాను!" షాయిస్తా అరిచింది. "సామాను మీద సగం నేసిన తివాచీ ఉంటుందాండీ? దాని మీద మా చెమట వాసన కూడా తగల్లేదా మీకు?"

ఈశ్వరప్రసాద్ లేచి రెండు చేతులూ ఎత్తాడు. "కోప్పడకండమ్మా, కోప్పడకండి. మిమ్మల్ని మర్చిపోతామాండీ? చూడండి, షాపుల పక్కన ఈ గది మీకోసమే. ఆరు మగ్గాలు. ఏసీ. చుట్టూ అద్దాలు. వచ్చిన గెస్టులు మీరు నేస్తుంటే చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు. మీకు యూనిఫారం కూడా ఇస్తాం. అన్నీ ఆలోచించాం."

"మిగతా పదహారు మగ్గాలు?"

"అది సొసైటీ ప్రెసిడెంటు గారితో మాట్లాడుకుంటాం."

అందరూ మజీద్ వైపు చూశారు. సొసైటీ ప్రెసిడెంటు అబ్దుల్ మజీద్ నేల చూపులు చూస్తున్నాడు.

ఆ సాయంత్రం రంగు తొట్ల దగ్గర సొసైటీ సమావేశమైంది. తొట్ల అంచుల మీద, ఊలు మూటల మీద, నేల మీద కూర్చున్నారు. మజీద్‌కి అరవై ఆరేళ్ళు. పన్నెండో ఏట మగ్గమెక్కినవాడు. వేళ్ళు ఇప్పుడు ముడుచుకోవు.

"నా మాట కాస్త వినండి," అన్నాడు. "మన పిల్లలు ఎంతమంది ఈ పని నేర్చుకుంటున్నారు? చెప్పండి. పదేళ్ళలో ఇరవై రెండూ ఎలాగూ ఆగుతాయి. ఆరైనా మిగిలితే పని పేరైనా మిగులుతుంది. సర్కారుతో మనం పోట్లాడగలమా?"

"భాయ్, ఆ ఆరుగురూ ఎవరు?" అంది రహీమా.

"అది తర్వాత..."

"తర్వాతెందుకు? మీ జేబులో కాగితం ఉంది. నేను చూశాను. చదవండి అందరి ముందూ."

మజీద్ జేబు తడుముకున్నాడు. చివరికి కాగితం తీశాడు. మొదటి పేరు చదివాడు.

"రహీమా."

రహీమా ఒంట్లోంచి కోపం ఒక్కసారిగా జారిపోయింది. ఉన్నమాట చెప్పాలి కదా. ఆ క్షణాన ఆమెకి కారని కప్పు కనబడింది. వానాకాలం ఊలు ముక్కిపోని గది, నడుము నొప్పికి ఆనుకునే కుర్చీ, ఖుష్బూ చదువు పూర్తవడం కనబడింది. ఊ అంటే చాలు. ఎవరూ తప్పు పట్టరు. చెయ్యి బాగున్నందుకు ఇచ్చారనుకుంటారు.

షాయిస్తా పేరు లేదు. షాయిస్తా ఆమె వైపు చూడకుండా కొంగు దులుపుకుని లేచింది.

"కూర్చో," అంది రహీమా.

"ఎందుకక్కా, నీకు దొరికిందిగా."

"కూర్చోవే! నేను ఎడమ పక్క నేస్తే కుడి పక్క ఎవడు నేస్తాడు? ఆ ఈశ్వరప్రసాదా? గాజు పెట్టెలో కూర్చోబెట్టి, రంగు చొక్కా తొడిగి, వచ్చేపోయేవాళ్ళకి నన్ను చూపిస్తాడంట. నేను పని చేసుకునే మనిషిని. చూడ్డానికొచ్చే బొమ్మని కాను. భాయ్, నా పేరు కొట్టెయ్యండి."

"తొందరపడకు రహీమా."

"కొట్టెయ్యండి. కొట్టేసి రెండోది చదవండి."

మజీద్ రెండో పేరు చదివాడు. ఆ మనిషి లేచి తన పేరూ కొట్టెయ్యమంది. మూడోవాడు కాస్త తటపటాయించాడు. పక్కన భార్య మోచేత్తో పొడిచింది. అతనూ కొట్టెయ్యమన్నాడు. నాలుగూ, అయిదూ అలాగే పోయాయి. ఆరోది అతని కొడుకుది. చదవలేదు. తనే గీత పెట్టేశాడు.

ఆ రోజు మిల్లు మనుషులు ఒక్కటయ్యారు. కానీ ఒక్కటవ్వాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ సంగతి రహీమాకి మర్నాడు రేవు మెట్ల మీద తెలిసింది.

ఈశ్వరప్రసాద్ తెచ్చిన కూలీలు మిల్లు ప్రాంగణంలోనే రేకుల పాకల్లో ఉంటున్నారు. అరవై మంది దాకా ఉంటారు. పడుగు కోసినవాడు వాళ్ళ మేస్త్రీ, క్రీస్తుదాసు. అతని భార్య సారమ్మ రేవులో బట్టలు ఉతుకుతోంది. రహీమా ఊలు తట్ట దించి, మెట్టు మీద నిలబడి, పది మంది వింటుండగా తిట్టింది.

"మీ ఆయనకి చేతులెలా వచ్చాయమ్మా? ఆయనా పని చేసుకునే మనిషే కదా? ఒకళ్ళ కూడు కోసి తినే తిండి ఎలా దిగుతోంది?"

సారమ్మ ఉతుకుతున్న బట్ట రాతికేసి కొట్టింది. లేచింది. నల్లగా, బక్కగా, రహీమా కంటే ఎత్తుగా ఉంది.

"అడిగేవా? అడుగు. నేనూ ఒకటడుగుతాను. పోయినేడు ఎండాకాలం మా కొల్లేటి లంకలో పొక్లెయిన్లొచ్చి చెరువు గట్లన్నీ తెగ్గొట్టేరు. చెరువులున్న షావుకార్లు మేడల్లోకి పోయేరు. ఆ గట్ల మీద వల లాగి బతికే మేం రోడ్డున పడ్డాం. మా గుడిసె వాసాలు నీళ్ళల్లో తేలుతుంటే మీ ఏలూరోళ్ళు ఒక్కళ్ళైనా వచ్చేరా? కాగితంలో అదంతా సరస్సంట. నీలం రంగేసి చూపించేడు ఆఫీసరు. ఈ నీలంలో మనుషులుండరమ్మా అన్నాడు. నేనక్కడే నిలబడున్నాను. నన్ను చూసే అన్నాడు!"

రహీమా ఎత్తిన చెయ్యి దించింది.

"అయిదూళ్ళు తిరిగేం పనికోసం. అత్తిలిలో ఊడుపులు, గూడెంలో బస్తాలు. ఏదీ నిలవలేదు. ఈ కాంట్రాక్టరు బ్లేడిచ్చి కొయ్యమన్నాడు. కోసేం. ఆ రోజు మా ఆయన అన్నం తిన్లేదు. అది నీకు చెప్పక్కర్లేదు. కానీ అడిగేవు కాబట్టి చెప్తున్నాను."

రహీమా మెట్టు దిగి ఆమె పక్కన కూర్చుంది. ఊలు తట్ట దగ్గరికి లాక్కుంటూ అంది, "మాకూ అలాగే రాశారు. ఖాళీ అని."

"ఎక్కడ?"

"నక్షలో. మేం నూట ముప్పై మందిమున్న చోట."

సారమ్మ కాండ్రించి ఏట్లో ఉమ్మింది. "ఈ నక్షలు గీసేవోళ్ళకి కళ్ళుండవేంటి?"

"కళ్ళుంటాయి. మనం కనబడం."

ఆ వారమంతా రేవు మెట్ల మీద, పాకల ముందు, మగ్గాల దగ్గర మాటలే మాటలు. అన్నీ మంచి మాటలు కావు. నేతవాళ్ళలో కొందరు, ఊరు కాని ఊరోళ్ళతో మనకెందుకన్నారు. కూలీల్లో కొందరు, వాళ్ళ కోసం మన పని పోగొట్టుకోవాలా అన్నారు. హోటలు కట్టడం అయిపోయాక మిమ్మల్ని అందులో గదిచ్చి పడుకోబెడతాడా అని సారమ్మ వాళ్ళని నిలదీసింది. ఖుష్బూ తన కాలేజీ పిల్లల్ని తీసుకొచ్చింది. వాళ్ళు ప్రతి మగ్గం దగ్గరా టేపు పట్టి కొలిచి, ఎవరు ఎక్కడ పని చేస్తారో పేర్లతో సహా కొత్త నక్ష గీశారు. దాన్ని పట్టుకెళ్ళి ఆఫీసులో ఇస్తే గుమస్తా మడిచి సొరుగులో వేశాడు.

పదిహేను రోజుల తర్వాత కాగితమొచ్చింది. బుధవారం మంత్రిగారు శంకుస్థాపనకి వస్తున్నారు. దానికి ముందు మంగళవారం కలెక్టరాఫీసులో చర్చలు, నేతవాళ్ళంతా రావాలి, అందరి గోడూ వింటారని. మజీద్ ముఖం వెలిగింది. ఉతికిన కమీజు వేసుకున్నాడు. నూట ముప్పై మందీ వెళ్ళారు. వరండాలో కూర్చోబెట్టారు. సార్ మీటింగులో ఉన్నారన్నారు. భోజనానికెళ్ళారన్నారు. వస్తున్నారన్నారు. సాయంత్రం అయిదింటికి ఒక బంట్రోతు వచ్చి, సార్ భీమవరం వెళ్ళిపోయారండీ, మళ్ళీ కబురు చేస్తారు అన్నాడు.

తిరిగొచ్చేసరికి షెడ్డులో మగ్గం లేదు.

ఒక్కటీ లేదు. తాడేపల్లిగూడెం నుంచి తెచ్చిన వేరే ముఠా వచ్చి ఇరవై రెండు మగ్గాలూ పీకి లారీలకెత్తుకుపోయింది. క్రీస్తుదాసు మనుషుల్ని ఆ పూట రోడ్డు పనికి పంపేశారు. నేలంతా తెగిన దారాలు, ఊలు పోగులు. పగిలిన కప్పులోంచి సాయంత్రపు ఎండ ఆ వెడల్పాటి నేల మీద పడుతోంది. ఆర్కిటెక్టు చెప్పినట్టే, అందంగా.

మజీద్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "నన్ను నమ్మించి తీసుకుపోయారు," అన్నాడు. "నేను మిమ్మల్ని తీసుకుపోయాను." ఆ ముసలాయన గోడకేసి తల కొట్టుకోబోతే ఇద్దరు పట్టుకున్నారు.

ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. రహీమా ఏడవలేదు. నడుచుకుంటూ ఏడో నంబరు ఉన్న చోటికి వెళ్ళింది. మగ్గం కాళ్ళు పాతిన రెండు గుంటలు అలాగే ఉన్నాయి. పక్కన ఇంకో రెండు. అవతల ఇంకో రెండు. షెడ్డు చివరిదాకా నలభై నాలుగు గుంటలు.

"వీటిని పీకలేకపోయారు," అంది.

సారమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "పునాది ముగ్గు పొయ్యడానికి మా ఆయన దగ్గర సున్నం ఉంది," అంది.

బుధవారం పొద్దున్న ఆరింటికి సారమ్మ లోపల్నుంచి గేటు తీసింది. క్రీస్తుదాసు తాడు పట్టాడు. ఖుష్బూ, ఆమె స్నేహితులు తమ నక్ష నకలు విప్పి కొలతలు చదివారు. గుంట నుంచి గుంటకి సున్నం గీత పడింది. ఒకటో నంబరు మగ్గం. రెండు. మూడు. ఊలు గుట్ట ఇక్కడ. కత్తిరింపు బల్ల ఇక్కడ. రంగు తొట్లకి దారి. రేవుకి దారి. అవతల పాకల దగ్గర, కూలీల అరవై మందికీ ఒక్కో గడి. ఏ కాగితంలోనూ వాళ్ళ పాకలు లేవు మరి. ఎనిమిదింటికల్లా ఆ నేల మొత్తం తెల్లటి నక్ష అయింది. ఎవరి గీతలో వాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. ఏడో నంబరులో ఎడమ పక్క రహీమా, కుడి పక్క షాయిస్తా. ఒకటో నంబరులో మజీద్.

పదింటికి పోలీసు వ్యానులొచ్చాయి. ఈశ్వరప్రసాద్ వచ్చాడు. పట్టు చొక్కా తడిసిపోయింది. నక్ష చుట్టలు చంకలో పెట్టుకుని గోపీచంద్ కూడా వచ్చాడు.

"అమ్మా, ఒక్క గంటలో మంత్రిగారొస్తారండి. దయచేసి లేవండి. మీ మగ్గాలు భద్రంగానే ఉన్నాయండి, గోడౌన్లో పెట్టించాను."

"ఎవర్నడిగి పెట్టించేరండీ?"

"చూడండమ్మా, చట్టప్రకారం ఈ స్థలం..."

"ఖాళీ. అంతేగా? ఇప్పుడు చూడండి ఖాళీగా ఉందేమో!"

"ఖాళీగా ఉందేమో చూడండి!" నూట ముప్పై గొంతులు ఒక్కసారి అన్నాయి. రేకుల పాకల దగ్గర్నుంచి అరవై గొంతులు అందుకున్నాయి. కప్పు మీది పావురాళ్ళు లేచిపోయాయి.

గోపీచంద్ నేల మీది గీతలు చూస్తూ నిలబడ్డాడు. వేలితో లెక్కపెడుతున్నాడు. రహీమా దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు, "నేను మళ్ళీ గీస్తానమ్మా. పదిహేను మగ్గాలకి చోటు తీస్తాను. నాకు కాస్త టైమివ్వండి."

"టైము మీకెవరు వద్దన్నారండీ? మాతో కూర్చోండి. కూర్చుని గియ్యండి."

ఆయన కూర్చోలేదు. కూర్చోవాలని ఒక్క క్షణం అనిపించిందో ఏమో, మోకాలు వంగింది. ఈశ్వరప్రసాద్ పిలిచాడు. వెళ్ళిపోయాడు.

ఈశ్వరప్రసాద్ మర్యాద అక్కడితో అయిపోయింది. "ఏరా క్రీస్తుదాసూ! పైపు తీసుకో. నీళ్ళు కొట్టు. గీతలూ మనుషులూ అంతా కొట్టుకుపోవాలి."

క్రీస్తుదాసు పైపు తీసుకున్నాడు. అతను పైపు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. పైపు కింద పడేశాడు. పసుపు టోపీ తీసి దాని పక్కన పెట్టాడు.

"మా లంకలో మీలాంటోళ్ళే నీళ్ళు మా మీదికి వదిలేరండి," అన్నాడు. "ఇంక నా చేత కాదండి." గీతలు తొక్కకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ ఏడో నంబరు దగ్గరికొచ్చాడు. "అమ్మా, నన్నెక్కడ కూర్చోమంటారండీ?"

రహీమా అతన్ని తేరిపార చూసింది. ఆ చేతులు చూసింది. తర్వాత తనూ షాయిస్తా చెరో పక్కకీ జరిగి మధ్యలో చోటిచ్చారు. రహీమాకి ఎడమ పక్కన సారమ్మ వచ్చి కూర్చుంది.

సీఐ విజిల్ ఊదాడు.

లాఠీలు మొదట ఆడవాళ్ళ జోలికి రాలేదు. మజీద్ కాలరు పట్టి లేపారు. తెల్ల టోపీ కిందపడి బూటు కింద నలిగింది. "నా పేరు అబ్దుల్ మజీద్! ఒకటో నంబరు మగ్గం! రాసుకోండి!" అని ముసలాయన అరుస్తూనే ఉన్నాడు. అప్పుడు అందరూ అరిచారు. ఎవరి పేరు వాళ్ళు, ఎవరి నంబరు వాళ్ళు. షాయిస్తా చెయ్యి చాపి రహీమా నడుము పట్టుకుంది, రహీమా సారమ్మని పట్టుకుంది. షాయిస్తా చేతి మీద లాఠీ పడింది. ముడులేసే చెయ్యి అది. ఆమె కేక విని పాకల దగ్గరున్న ఆడకూలీలంతా తట్టలు పట్టుకుని షెడ్డులోకి దూసుకొచ్చారు. ఈడ్చుకెళ్ళినప్పుడు గీతలు చెరిగాయి. చెరిగిన చోట ఖుష్బూ పిల్లలు పిడికిలితో సున్నం తీసి మళ్ళీ గీశారు. వాళ్ళనీ ఈడ్చారు.

మంత్రిగారి కారు మిల్లు వంతెన దాకా వచ్చి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. శిలాఫలకం మీద కప్పిన పసుపు గుడ్డ ఎవరూ తియ్యలేదు.

స్టేషన్ వరండాలో తొంభై మందిని కుక్కారు. మధ్యాహ్నం మూడింటికి ఎస్సై కాగితాల కట్ట తెచ్చాడు. చూడ్డానికి కుర్రవాడే. అతనూ అలిసిపోయి ఉన్నాడు.

"అందరూ వినండి. ఇక మీదట మిల్లు ఆవరణలో అడుగుపెట్టబోమని దీని మీద సంతకం పెట్టండి. రానివాళ్ళు వేలిముద్ర వెయ్యండి. ఇళ్ళకి వెళ్ళిపోవచ్చు. లేదంటే రిమాండు. కోర్టుకి సెలవులొస్తున్నాయి, ఆలోచించుకోండి."

మొదటి కాగితం మజీద్ ముందు పెట్టాడు. మజీద్ పెదవి చిట్లి రక్తం గడ్డకట్టింది. కాగితం చదివాడు. మడిచి తిరిగి ఇచ్చేశాడు. "నేను ఇప్పటికే ఒక కాగితాన్ని నమ్మి మోసపోయాను బాబూ. మళ్ళీ నమ్మను."

రెండోది రహీమాకి. "చదవడం రాదండి నాకు," అంది.

"చదివి చెప్తాను."

"మీరు చెప్పక్కర్లేదండి. అడుగుపెట్టబోమని రాసుంటుంది. పెడతాం. ఆ మాట రాసి తెండి, అందరం వేలేస్తాం."

షాయిస్తా వాచిపోయిన చెయ్యి ఎత్తి చూపించింది. "నా వేళ్ళు మీవాళ్ళే చితగ్గొట్టారు. ముద్ర ఎలా వెయ్యనండీ?"

సారమ్మ అయితే కాగితం వైపు చూడనే లేదు. ఇంకు పెట్టె దగ్గరకు జరిపితే చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. తొంభై మందిలో ఒక్కరూ సంతకం పెట్టలేదు. కట్ట ఎలా వచ్చిందో అలాగే బల్ల మీదకి వెళ్ళింది.

అప్పుడే రోడ్డు మీద నినాదాలు వినిపించాయి. ముందు సన్నగా, తర్వాత దగ్గరగా. రహీమా గుర్తుపట్టింది. ఆమె భర్త ఫయాజ్ గొంతు. పవర్‌పేట స్టేషన్ దగ్గర ఆటో తోలుతాడు. వెనక ఆటోవాళ్ళు, కలాసీలు, పాలిటెక్నిక్ పిల్లలు. మిల్లు మూతపడ్డాక పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో ఒదిగి బతికిన నేతవాళ్ళ ఇళ్ళలోంచి, ఏళ్ళుగా మిల్లు ముఖం చూడని ముసలివాళ్ళు కూడా. కొల్లేటి వైపు నుంచి లారీ దిగిన సారమ్మ ఊరివాళ్ళు.

కానిస్టేబుల్ లోపలికి పరిగెత్తుకొచ్చాడు. "సార్, రెండొందల మందికి పైనే ఉంటారు. మేమూ మిల్లులో కూర్చుని వచ్చామంటున్నారు. వాళ్ళని కూడా అరెస్టు చెయ్యమంటున్నారు సార్."

"మనకి చోటెక్కడుంది?" అని కసిరాడు ఎస్సై.

ఆ మాట రహీమా చెవిన పడింది. నడుము పట్టుకుని లేచింది. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"జరగండి," అంది అందరితో. "కాస్త దగ్గరగా జరగండి. షాయిస్తా, ఆ కాళ్ళు ముడుచుకో. సారమ్మా, గోడకి ఆనుకో. వాళ్ళకి చోటిద్దాం."

అందరూ జరిగారు.